దేవనాగరి ఎవరి లిపి?

అమెరికాలో మనవాళ్ళు కాస్త ఎక్కువగా ఉన్న ఏ ఊళ్ళో చూసినా వారాంతాల్లో పిల్లలకి శ్లోకాలూ గీతా నేర్పే తరగతులు ఉంటాయి. అక్కడ తెలుగు తల్లిదండ్రుల నోట తరచు వినిపించే మాట ఒకటుంది: "తెలుగులో ఉన్న పుస్తకం వద్దండీ, అసలు లిపిలో ఉన్నది ఇవ్వండి." అసలు లిపి అంటే దేవనాగరి అని వాళ్ళ ఉద్దేశం. సంస్కృతం నాగరిలో పుట్టిందనీ, తెలుగు అక్షరాల్లో ఉన్న విష్ణు సహస్రనామం నాగరి చదవడం రానివాళ్ళ కోసం చేసిన సర్దుబాటు అనీ చాలామంది నమ్మకం. హిందీ సంగతి చెప్పనే అక్కర్లేదు. హిందీ, నాగరి పుట్టుకతో కలిసి వచ్చిన జంట అనుకుంటాం.

చరిత్ర చూస్తే ఈ రెండు నమ్మకాలూ నిలవవు. సంస్కృతానికి నాగరి ఏకైక లిపిలా కనిపించడం ముఖ్యంగా అచ్చుయంత్రం వచ్చాక జరిగిన పని. హిందీకి నాగరి స్థిరపడటం కోర్టు కచేరీల్లో, చివరికి రాజ్యాంగ సభలో తేలిన వ్యవహారం. ఆ కథ కాస్త వివరంగా చెప్పుకుందాం. ఎందుకంటే ఇందులో మనం పోగొట్టుకుంటున్నది కూడా ఒకటుంది.

మన దేశంలో కాలం గట్టిగా చెప్పగలిగిన పాత రాతలు అశోకుడి శాసనాలు. క్రీ.పూ. 3వ శతాబ్దివి. వాటిలో ఎక్కువ భాగం బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. భాష ప్రాకృతం, సంస్కృతం కాదు. ఆ రోజుల్లో సంస్కృతానికి చోటు రాయి కాదు, నోరు. వేదాన్ని పదపాఠం, క్రమం, జట, ఘన అంటూ రకరకాలుగా వల్లె వేయించి, ఒక్క స్వరం జారకుండా నిలబెట్టుకున్న సంప్రదాయం అది. పాణినికి రాత తెలుసు, లిపి అన్న మాట ఆయన సూత్రాల్లోనే ఉంది. కానీ ఆయన వర్ణించింది చెవికి వినబడే భాషని.

గుజరాత్‌లో జునాగఢ్ దగ్గర ఒక పెద్ద బండ ఉంది. దాని మీద అశోకుడి ధర్మశాసనాలు ప్రాకృతంలో ఉన్నాయి. అదే బండ మీద, దాదాపు నాలుగు వందల ఏళ్ళ తర్వాత, క్రీ.శ. 150 ప్రాంతంలో శక క్షత్రపుడు రుద్రదాముడు సుదర్శన తటాకం గట్టు తెగితే బాగు చేయించిన సంగతి చెక్కించాడు. ఇది సంస్కృత గద్యం. పొడుగాటి సంస్కృత శాసనాల్లో ఇదే మొదటిదని చెప్తారు. మరో మూడు వందల ఏళ్ళకి, మళ్ళీ గట్టు తెగి మళ్ళీ బాగుచేస్తే, స్కందగుప్తుడి కాలపు శాసనం అక్కడే చేరింది. మూడూ బ్రాహ్మీ లిపి దశలే. నాగరి ఇంకా పుట్టలేదు.

ఆ బ్రాహ్మి ఉత్తరాదిన ఒకలా, దక్షిణాదిన ఒకలా మారుతూ పోయింది. ఉత్తరాదిన గుప్తుల కాలపు లిపి నుంచి సిద్ధమాతృక వచ్చింది. దాని నుంచి 7, 8 శతాబ్దుల తర్వాత నాగరి రూపు కట్టి, 11వ శతాబ్ది నాటికి ఇప్పటి వాళ్ళు పోల్చుకోగలిగేలా స్థిరపడింది. దక్షిణాదిన చాళుక్యుల కాలం మీదుగా మన తెలుగు కన్నడ లిపి వచ్చింది. అంటే తెలుగుకీ నాగరికీ తాత ఒకడే. నాగరి అక్షరం నెత్తిన ఉండే అడ్డగీతా, మన అక్షరం నెత్తిన ఉండే తలకట్టూ అన్నదమ్ములే. సిరా, కలంతో రాసే చోట ఆ గుర్తు గీతగా సాగింది. తాటాకు మీద గంటంతో అడ్డంగా గీస్తే ఆకు చీలుతుంది కనక మన దగ్గర అక్షరాలు గుండ్రబడ్డాయని సాధారణంగా చెప్పే కారణం.

సంస్కృతం మాత్రం ఎక్కడికి వెళితే అక్కడి లిపి తొడుక్కుంది. కాశ్మీరులో శారద, బెంగాల్లో వంగలిపి, కేరళలో మలయాళ లిపి, తమిళదేశంలో గ్రంథం. తమిళ లిపిలో వర్గాక్షరాలు చాలవు కనక వాళ్ళు సంస్కృతం కోసం గ్రంథమనే లిపిని విడిగా వాడుకున్నారు. మనకి ఆ అవసరం రాలేదు. మన అక్షరమాలలో సంస్కృతానికి కావలసినవన్నీ ఉన్నాయి. నన్నయ భారతం మొదటి పద్యమే సంస్కృత శ్లోకం. తెలుగులో ఆదికావ్యం అనుకునేది సంస్కృతంతో, తెలుగు అక్షరాల్లో మొదలైంది. ఆ శ్లోకాన్ని వేరే లిపిలో రాయాలని మన లేఖకుల్లో ఎవరికీ తోచలేదు.

ఇంకా దూరం వెళితే, జపాన్ బౌద్ధ భిక్షువు కూకై 806లో చైనా నుంచి తిరిగొస్తూ మంత్రాలతో పాటు వాటిని రాసే సిద్ధం లిపిని కూడా తీసుకెళ్ళాడు. అక్కడి షింగోన్ ఆలయాల్లో సంస్కృత బీజాక్షరాలు ఈనాటికీ ఆ లిపిలోనే రాస్తారు. నాగరి కన్నా ఒక తరం ముందరి లిపి అది. సంస్కృతం అసలు లిపి మాది అని జపాన్ వాళ్ళు అన్నా, వాదనకి మనకన్నా బలం ఎక్కువే.

1030 ప్రాంతంలో అల్ బిరూనీ మన దేశపు లిపుల జాబితా ఒకటి ఇచ్చాడు. కాశ్మీరులోనూ కాశీలోనూ సిద్ధమాతృక, మాళవంలో నాగర, కర్ణాట దేశంలో కర్ణాట, తూర్పు దేశంలో గౌడి, ఆంధ్రదేశంలో ఆంధ్రి. ఆయన లెక్కలో నాగర అనేకానేక లిపుల్లో ఒకటి. అప్పటికి కాశీ కూడా దాని పరిధిలో లేదు!

అలాగని నాగరిని ఉత్తరాది లిపి అని పక్కన పెట్టడానికీ లేదు. తంజావూరు రాజరాజ చోళుడి నాణేల మీద ఆయన పేరు నాగరిలో ఉంది. ఢిల్లీని గెలిచిన మహమ్మద్ ఘోరీ నాణేల్లో కొన్నిటి మీద లక్ష్మి బొమ్మ, వెనక నాగరి అక్షరాల్లో ఆయన పేరు ఉన్నాయి. షేర్ షా రూపాయిల మీద కూడా ఆయన పేరు నాగరిలో కనిపిస్తుంది. విజయనగర రాజుల సంస్కృత రాగిశాసనాలు ఎక్కువగా నందినాగరిలో ఉంటాయి. చివర రాజు సంతకంగా శ్రీవిరూపాక్ష అన్న మాట మాత్రం తెలుగు కన్నడ లిపిలో ఉంటుంది. ఒకే రాగిరేకు మీద రెండు లిపులు, ఎవరికీ ఇబ్బంది లేదు. ఏ లిపి ఏ మతానిది, ఏ భాషది అన్న తగాదా వాళ్ళకి తట్టినట్టు లేదు.

మరి ఈ తగాదా ఎప్పుడొచ్చింది? అచ్చుతో.

సంస్కృతంలో అచ్చయిన మొదటి పుస్తకం కాళిదాసు ఋతుసంహారం. విలియం జోన్స్ 1792లో కలకత్తాలో వేయించాడు. అది నాగరిలో లేదు, బెంగాలీ లిపిలో ఉంది! కలకత్తాలో అప్పటికి తయారుగా ఉన్న అచ్చక్షరాలు అవి, అక్కడి పండితులు చదివే లిపీ అదే. 1804లో శ్రీరాంపూర్ మిషనరీలు హితోపదేశాన్ని నాగరిలో వేశారు. 1808లో లండన్‌లో చార్లెస్ విల్కిన్స్ తన సంస్కృత వ్యాకరణాన్ని తనే పోత పోయించిన నాగరి అక్షరాలతో అచ్చు వేయించాడు. ఆ తర్వాత యూరప్ పండితులు ఒకే లిపి పట్టుకున్నారు. అది వాళ్ళకి సౌకర్యం. ఒక్క సంస్కృతం కోసం పది లిపులు నేర్చుకునే ఓపిక ఎవరికుంటుంది? మాక్స్ ముల్లర్ 1849 నుంచి 1874 దాకా ఆరు సంపుటాల్లో ఋగ్వేదాన్ని సాయణ భాష్యంతో నాగరిలో ప్రకటించాడు. బొంబాయిలో జావ్‌జీ దాదాజీ నిర్ణయసాగర్ ముద్రణాలయం చక్కటి నాగరి అక్షరాలతో కావ్యాలూ శాస్త్రాలూ దేశమంతటికీ పంచింది. యూనివర్సిటీలు అవే పాఠ్యపుస్తకాలుగా పెట్టుకున్నాయి. రెండు తరాలు గడిచేసరికి సంస్కృతం అంటే నాగరి అయింది.

ఈ మార్పు ఎలా జరిగిందో చూపించడానికి రెండు ఉదాహరణలు చాలు. కౌటిల్యుడి అర్థశాస్త్రం తాటాకు ప్రతి 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో శామశాస్త్రి చేతికొచ్చింది. అది గ్రంథ లిపిలో ఉంది. ఆయన 1909లో దాన్ని నాగరిలో ప్రకటించారు. భాసుడివని చెప్పే పదమూడు నాటకాలు తిరువాన్కూరులో గణపతి శాస్త్రికి దొరికింది మలయాళ లిపి తాటాకుల్లో. 1912 నుంచి అవి నాగరిలో అచ్చయ్యాయి. ఈ రెండూ లోకానికి అందినది నాగరి వల్లే, ఆ మేలు ఒప్పుకోవాలి. కానీ వాటిని వందల ఏళ్ళు బతికించింది దక్షిణాది లిపులు. స్వప్నవాసవదత్తం నాగరి పుస్తకంలో చదివేవాళ్ళకి ఆ సంగతి ఎక్కడా కనబడదు.

మన దగ్గర మాత్రం పాత పద్ధతి చాలాకాలం సాగింది. 1854లో మద్రాసులో వావిళ్ళ రామస్వామి శాస్త్రులు పెట్టిన ముద్రణాలయం సంస్కృత కావ్యాలు, స్తోత్రాలు, వ్యాఖ్యానాలు తెలుగు లిపిలో దండిగా వేసింది. మన తాతలు రఘువంశం, అమరం చదువుకున్నది వాటిలోనే. వేదపాఠాలకి స్వరాల గుర్తులతో సహా తెలుగు అచ్చు పుస్తకాలు వచ్చాయి. వాళ్ళెవరూ తాము చదివేది నకలు అనుకోలేదు.

ఇక హిందీ. మాలిక్ ముహమ్మద్ జాయసీ 16వ శతాబ్దిలో అవధీలో రాసిన పద్మావత్ కావ్యం ప్రతులు ఎక్కువగా పారశీక లిపిలో దొరుకుతాయి. కొన్ని కైథీ లిపిలో ఉన్నాయి. కైథీ అంటే కాయస్థుల లిపి, అంటే లెక్కలు, దస్తావేజులు రాసేవాళ్ళది. బిహార్, అవధ్ పల్లెల్లో ఉత్తరాలు, భూమి కాగితాలు, పద్దులు అన్నీ అందులోనే ఉండేవి. వ్యాపారులకి మహాజనీ ఉండేది. మరాఠీకి ఇలాగే మోడీ లిపి ఉండేది. నాగరి ఉంది, కానీ ఎక్కువగా పండితుల చేతిలో. రోజువారీ పనులకి అది కాస్త నిదానం. ప్రతి అక్షరానికీ నెత్తిన గీత గీస్తూ కూర్చుంటే గుమాస్తా పని తెమలదు కదా.

1837లో కంపెనీ ప్రభుత్వం కోర్టుల్లోంచి పారశీక భాషని తీసేసి దేశభాషలు పెట్టమంది. ఉత్తరాదిన ఆ చోటు పారశీక లిపిలోని ఉర్దూకి దక్కింది. అక్కణ్ణించి మొదలైంది అసలు పోరు. పైకి లిపి గొడవ, లోపల ఉద్యోగాల గొడవ. పారశీక లిపి వచ్చినవాడికే కచేరీలో కుర్చీ. 1868లో రాజా శివప్రసాద్ కోర్టు లిపి మార్చమని విజ్ఞాపన రాశారు. 1893లో కాశీలో కొందరు విద్యార్థులు కలిసి నాగరీ ప్రచారిణీ సభ పెట్టారు. వాళ్ళలో శ్యామసుందర్ దాస్ ముఖ్యుడు. 1897లో మదన్ మోహన్ మాలవీయ సాక్ష్యాధారాలతో పుస్తకం తయారు చేసి ప్రభుత్వం ముందు పెట్టారు. 1900 ఏప్రిల్ 18న లెఫ్టినెంట్ గవర్నర్ మెక్‌డొనెల్ ఉత్తర్వు వచ్చింది. అర్జీలు నాగరిలో అయినా పెట్టుకోవచ్చు, సమన్లు రెండు లిపుల్లోనూ ఇవ్వాలి. అంతే, ఉర్దూని తీసెయ్యలేదు. అయినా అది నాగరికి పెద్ద గెలుపు, ఉర్దూ వాళ్ళకి పెద్ద దెబ్బ అయింది. ఒకే బజారు భాష మాట్లాడే జనం లిపి దగ్గర రెండు జట్లుగా నిలబడ్డారు.

ప్రేమ్‌చంద్ కథ ఇక్కడ గుర్తొస్తుంది. ఆయన రాత మొదలు పెట్టింది ఉర్దూలో. బజారె హుస్న్ నవల ముందు ఉర్దూలోనే రాశారు. కానీ ముందు అచ్చయింది సేవాసదన్ పేరుతో నాగరిలో, హిందీగా. పాఠకులు, ప్రచురణకర్తలు ఎటువైపు పెరుగుతున్నారో ఆయనకి అర్థమైంది.

ఈ ఊపు హిందీతో ఆగలేదు. 1905లో కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి శారదా చరణ్ మిత్ర ఏకలిపి విస్తార్ పరిషత్ పెట్టారు. దేశభాషలన్నీ నాగరిలోనే రాయాలన్నది దాని ఆశయం. రకరకాల భాషల రచనలు నాగరిలో వేస్తూ దేవనాగర్ అనే పత్రిక నడిపారు. వినోబా భావే కూడా తర్వాత ఇదే మాట చెప్పారు, ఉన్న లిపులు తీసెయ్యక్కర్లేదు, పక్కన నాగరి కూడా పెట్టండి అని. గాంధీగారి దారి వేరు. 1942లో హిందుస్తానీ ప్రచార సభ పెట్టి, నాగరి, ఉర్దూ లిపులు రెండూ అందరూ నేర్చుకోవాలన్నారు. దేశ విభజన తర్వాత ఆ మాట వినేవాళ్ళు మిగల్లేదు.

1949 సెప్టెంబర్ 14న రాజ్యాంగ సభ మున్షీ, గోపాలస్వామి అయ్యంగార్‌ల రాజీ సూత్రాన్ని ఆమోదించింది. అదే 343వ అధికరణం. కేంద్రప్రభుత్వ అధికార భాష హిందీ, లిపి దేవనాగరి. అక్కడ హోరాహోరీ పోరు నడిచింది అంకెల మీద. నాగరి అంకెలా, ప్రపంచమంతా వాడే 1, 2, 3 అంకెలా అని. దక్షిణాది సభ్యులు పట్టుపట్టి రెండోవి నిలబెట్టుకున్నారు. వాటికి భారతీయ అంకెల అంతర్జాతీయ రూపం అని పేరు పెట్టి అందరూ సర్దుకున్నారు. పుట్టిల్లు మనదే కనక ఆ పేరు అబద్ధమూ కాదు.

ఇంత గొడవపడి తెచ్చుకున్న లిపి హిందీకి అతికినట్టు సరిపోయిందా అంటే, అదీ లేదు. నాగరిలో రామ అని రాసి హిందీలో రామ్ అని చదువుతారు. అక్షరాల్లో తేడా లేదు, చదివే భాషలోనే ఉంది. అందుకే హిందీ ద్వారా నాగరి నేర్చుకున్న మన పిల్లలు శ్లోకం చదివేటప్పుడు చివరి అచ్చులు మింగేసి ఛందస్సు కుంటి చేస్తారు. అరబీ, పారశీక మాటల్లోని ధ్వనుల కోసం అక్షరాల కింద చుక్కలు పెట్టుకోవలసి వచ్చింది. మన హ్రస్వ ఎ, ఒలు నాగరి మామూలు అక్షరాల్లో లేవు. తెలుగు అన్న మాటే నాగరిలో తేలుగు అవుతుంది. దక్షిణాది భాషల కోసం 1966లో కేంద్రం పరివర్ధిత దేవనాగరి అని కొన్ని గుర్తులు కలిపింది, అవి జనంలోకి రాలేదు. ఋగ్వేదం మొదటి మంత్రంలోనే ఉన్న ళ అక్షరం మామూలు హిందీ వర్ణమాలలో లేదు. మరాఠీలో ఉంది, మనకుంది.

పైగా ఒకే నాగరి జ్ఞని హిందీవాళ్ళు గ్య అంటారు, మరాఠీవాళ్ళు ద్న్య అంటారు. ఋని వాళ్ళు రి అంటారు, వీళ్ళు మనలాగా రు అంటారు. లిపి ఒకటైనంత మాత్రాన నోరు ఒకటి కాలేదు. శుద్ధమైన ఉచ్చారణ కావాలంటే గురువు కావాలి, ఏ లిపీ దాన్ని ఇవ్వలేదు.

అమెరికాలో ఉన్నవాళ్ళం కనక ఇంకో ముచ్చట. 1930ల్లో హరి గోవిల్ అనే ఆయన న్యూయార్క్‌లో ఉంటూ, మెర్గెన్‌థాలర్ లైనోటైప్ కంపెనీతో కలిసి నాగరిని యంత్రం మీద కూర్చే పని చేశారు. వందల కొద్దీ సీసపు అచ్చులున్న లిపిని మీటల వరసలోకి కుదించడం చిన్న పని కాదు. 1953లో లక్నోలో లిపి సంస్కరణ సమావేశం పెట్టి, అక్షరానికి ఎడమ పక్క వచ్చే హ్రస్వ ఇకారం గుర్తుని కుడి పక్కకి మార్చాలన్నారు. జనం ఒప్పుకోలేదు, కొన్నేళ్ళకే వెనక్కి తీసుకున్నారు.

చివరికి కంప్యూటరు ఈ తగాదాని తనకు తెలియకుండానే తీర్చింది. యూనికోడ్‌లో మన లిపులన్నిటినీ ఒకే వరసలో అమర్చారు. నాగరి క తన పట్టికలో ఎన్నో గడిలో ఉందో, తెలుగు క తన పట్టికలో అదే గడిలో ఉంది. మిగతా అక్షరాలూ చాలావరకు అంతే. అందుకే ఒక శ్లోకాన్ని నాగరి నుంచి తెలుగుకి, తెలుగు నుంచి నాగరికి క్షణంలో మార్చుకోవచ్చు, ఏమీ పోదు. ఇందులో అసలు ఏది, నకలు ఏది?

ఇప్పుడు పోగొట్టుకోవడం గురించి. బిహార్‌లో పాత భూమి దస్తావేజులు ఇప్పటికీ కైథీలో ఉన్నాయి. భూసర్వే వచ్చినప్పుడల్లా వాటిని చదివేవాళ్ళ కోసం వెతుక్కుంటున్నారు. తాతగారి పొలం కాగితం మనవడికి గీతల బొమ్మ. మహారాష్ట్రలో మోడీ పత్రాల పరిస్థితీ ఇంతే. నాగరి గెలిచినప్పుడు నష్టపోయింది పారశీక లిపి ఒక్కటే కాదు, పక్కింటి లిపులు కూడా. వాటి కోసం ఎవరూ ఉద్యమాలు చెయ్యలేదు.

మనకీ అలాంటి గండం ఉంది. మద్రాసు, తిరుపతి, హైదరాబాద్ గ్రంథాలయాల్లో తెలుగు లిపిలో రాసిన సంస్కృత తాళపత్రాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. వాటిని చదవాలంటే సంస్కృతమూ రావాలి, గొలుసుకట్టు పాత తెలుగు రాతా రావాలి. సంస్కృతం చదువుకునే పిల్లలు నాగరి తప్ప వేరే లిపి అక్కర్లేదనుకుంటే, తెలుగు చదువుకునేవాళ్ళకి సంస్కృతం రాకపోతే, ఆ కట్టలు విప్పేదెవరు? లేని అసలు లిపి కోసం ఉన్న లిపిని చిన్నచూపు చూస్తే జరిగేది ఇదే.

కనక పిల్లలకి నాగరి నేర్పండి, తప్పకుండా. రెండు వారాల పని అది, దాంతో హిందీ, మరాఠీ, నేపాలీ, వందల సంస్కృత గ్రంథాలు చదవడానికి దారి తెరుచుకుంటుంది. కానీ తెలుగు లిపిలో ఉన్న గీతని పక్కన పెట్టి కాదు. తెలుగు అక్షరాలు వచ్చిన పిల్లకి ఆ పుస్తకమే ముందివ్వండి. అది అసలు పుస్తకమే.